బాణాన్ని అడగని రోజు

మొన్న భీమవరం వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. రొయ్యల చెరువులున్న కుటుంబమట. ఆన్‌లైన్‌లో కప్పీలున్న విల్లు ఒకటి తెప్పించుకున్నాడట. నా నంబరు ఎవరిచ్చారో చెప్పలేదు గానీ ప్రశ్న మాత్రం సూటిగా అడిగాడు.

“వేటకి కార్బన్ బాణాలు మంచివాండీ, అల్యూమినియం మంచివాండీ?”

“దేన్ని వేటాడతావు నాయనా?” అన్నాను.

“చెరువు గట్ల మీదికి పందులొస్తున్నాయండి. యూట్యూబ్‌లో ఫారిన్ వాళ్ళు కొడుతుంటే చూశానండి. ఒకళ్ళేమో కార్బన్ అంటారు, ఇంకొకళ్ళేమో బరువుంటేనే బాగా దిగుతుంది, అల్యూమినియమే అంటారు.”

“వాళ్ళ చట్టాలు వాళ్ళవి. ఇక్కడ నువ్వు పంది మీద బాణం వేస్తే ఫారెస్టు వాళ్ళొచ్చి నిన్ను జీపెక్కిస్తారు. ముందు ఆ సంగతి తెలుసుకో,” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “వినపడనిది మీకండీ, అతనికి బాగానే వినపడుతుంది” అంది. ఈ మధ్య నా చెవులు కాస్త మందగించాయి. ఇంట్లోవాళ్ళు చెవి మిషన్ కొనిపెట్టారు గానీ అది బీరువాలోనే ఉంటుంది.

కుర్రాడు మంచివాడే. “సరేనండి, పందుల జోలికి వెళ్ళనండి. టార్గెట్ మీద వేసుకోడానికైనా చెప్పండి, ఏది కొనమంటారు?” అన్నాడు. అది ఫోన్లో తేలే విషయం కాదు, రాసి పంపిస్తానని పెట్టేశాను. అతని కోసం మొదలుపెట్టిన కాగితం ఇది. కొత్తగా కోచ్‌లుగా చేరుతున్న మీలాంటి వాళ్ళు కూడా చదివితే మంచిదనిపించి పెద్దది చేస్తున్నాను.

పుస్తకంలో ఉండే జవాబు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అల్యూమినియం బాణం లావుగా, బరువుగా ఉంటుంది. దెబ్బ తింటే వంగుతుంది. అద్దం బల్ల మీద దొర్లిస్తే తడబడుతూ పోతుంది, చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. కార్బన్ సన్నం, తేలిక, వేగం. గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. కానీ దెబ్బ తిన్నా వంగదు. పైకి నున్నగానే ఉండి, లోపల నెర్రె విచ్చి, ఏదో ఒక రోజు తాడు వదలగానే చేతిలోనే చీలికలైపోతుంది. అందుకే కార్బన్‌ని వేసే ముందు రెండు చివరలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కొద్దిగా వంచి, తిప్పి మళ్ళీ వంచి వినాలి. నెర్రె ఉంటే చిటుక్కుమంటుంది. నిమిషం పని కూడా కాదు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది ఆ నిమిషం గురించి.

నేను రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరలో ఉన్న ఒక కాలేజీ గ్రౌండులో పాతికేళ్ళకి పైగా విలువిద్య నేర్పాను. ఇల్లు కొవ్వూరు. రోజూ బ్రిడ్జి దాటి వచ్చేవాణ్ణి. మాది లూథరన్ కుటుంబం, మా నాన్న చర్చి బడిలో పంతులు. మా కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా ఒక మేడమ్ గారుండేవారు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. గ్రౌండులో గడ్డి దగ్గర్నుంచి పిల్లల రైలు టికెట్ల దాకా అన్నీ ఆవిడే చూసుకునేవారు. భక్తి ఎక్కువ. ఏటా దసరాకి స్టోరు రూములో ఆయుధ పూజ ఆవిడ చేతుల మీదుగానే జరిగేది. విళ్ళు, బాణాలు, క్రికెట్ బ్యాట్లు, చివరికి గాలి కొట్టే పంపు కూడా బొట్టు పెట్టించుకునేది. నేను గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఆవిడ నన్ను లోపలికి రమ్మని ఇబ్బంది పెట్టేవారు కాదు, నేను ఏమీ అనేవాణ్ణి కాదు. పూజ అయ్యాక ఆత్రేయపురం పూతరేకుల పొట్లం మాత్రం నా చేతిలో పెట్టి, “ఇది దేవుడి దగ్గర పెట్టింది కాదు లెండి మాస్టారూ, విడిగా తీయించాను” అనేవారు. క్రిస్మస్‌కి మా ఇంటి కేకు ఆవిడ ఇంటికి వెళ్ళేది. ఒకరి నమ్మకం జోలికి మరొకరం వెళ్ళకుండా పదిహేనేళ్ళు పక్కపక్కన పనిచేశాం. దాన్ని నేను గొప్ప మర్యాద అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో మా దగ్గరికి పాపికొండల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కొండరెడ్ల పిల్ల, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మాట తక్కువ. విల్లు పట్టుకుంటే మాత్రం పక్కన ఏనుగు వెళ్ళినా తల తిప్పేది కాదు. మూడేళ్ళలో రాష్ట్ర జట్టుకి ఎంపికయ్యే స్థాయికి వచ్చింది. ఆ జట్టులోకి వెళ్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి తెరుచుకుంటుంది. వాళ్ళ ఊళ్ళో అప్పటిదాకా ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఆడపిల్ల లేదు. ఆ సంగతి తను ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ళ తాత చెప్పాడు.

తాత ఒక్కసారి గ్రౌండుకి వచ్చాడు. పొట్టి మనిషి, మెడలో తువ్వాలు. వయసులో ఉన్నప్పుడు వెదురు బాణాలతో వేటాడినవాడు, చట్టం వచ్చాక విల్లు అటకెక్కించేశాడట. అప్పట్లో పిల్లకి అల్యూమినియం ఉంచాలా కార్బన్‌కి మార్చాలా అని మాలో మాకు వాదన నడుస్తోంది. నేను అల్యూమినియం మనిషిని. పిల్లేమో, “గోదారి గాలికి లావు బాణం పక్కకి పోతోంది సార్, డెబ్బై మీటర్లకి వెళ్ళేసరికి కిందికి జారిపోతోంది” అంటుంది. తన మాటే నిజం. మేడమ్ గారు కూడా పిల్ల పక్షమే. నేను రెండు రకాలూ తెచ్చి తాత చేతిలో పెట్టాను, సరదాకి.

ఆయన వాటి బరువు చూడలేదు, మొన చూడలేదు. రెండిటినీ వేళ్ళతో మెల్లగా నిమిరి, “మాస్టారు బాబూ, ఇందులో ఏది ఇరిగేముందు చెబుతాది?” అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది, తరవాత ఆశ్చర్యమూ వేసింది. “ఈ తెల్లది తనే చెబుతుంది తాతా, వంగి చూపిస్తుంది. ఈ నల్లది తనంతట తను చెప్పదు. మనం అడగాలి,” అని వంచి చూపించాను.

“అడిగితే చెబుతాదా?”

“చెబుతుంది.”

“అయితే ఏదైనా ఒకటే. అడగడం మానకుండా ఉంటే,” అని రెండూ నాకు ఇచ్చేశాడు.

ఆ మాట మా గ్రౌండులో స్థిరపడిపోయింది. పిల్లకి కార్బన్ బాణాలు పన్నెండు తెప్పించాం. రోజూ పొద్దున్నే విల్లు ఎక్కుపెట్టే ముందు, “అడిగావా?” అనేవాణ్ణి. “అడిగాను సార్,” అనేది. మిగతా పిల్లలు కూడా అల్యూమినియం బాణాల్ని అవసరం లేకపోయినా చెవి దగ్గర పెట్టుకుని అడిగేవాళ్ళు. వాళ్ళని చూసి మేడమ్ గారు, “మీ బాణాలకి రోజూ వైవా ఉందండీ మాస్టారూ” అనేవారు.

సెలక్షన్లు ఆ ఏడు దసరా అయిన పది రోజులకి పడ్డాయి. కరోనాకి మూడేళ్ళ ముందు మాట.

ఆయుధ పూజకి ముందు రోజు సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక బాణాలు తీసుకురావడానికి టార్గెట్ దగ్గరికి నేనే వెళ్ళాను. పిల్ల అవతల విల్లు విప్పుకుంటోంది. మధ్య పసుపు వలయంలో రెండు బాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని దిగి ఉన్నాయి. అంత దగ్గరగా వేయడం గొప్పే, కానీ రెండోది మొదటిదాని ఒంటి మీద సన్నటి గీత పెట్టింది. గోటితో రాస్తే తగిలీ తగలనట్టుంది. అప్పుడే వంచి చూడాల్సింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం ఉంది, పాస్టరు గారు వస్తున్నారు, బ్రిడ్జి మీద ట్రాఫిక్కు ఎలా ఉంటుందో తెలీదు. పొద్దున్నే చూద్దాంలే అనుకుని ఆ ఒక్క బాణాన్ని పొదిలో తలకిందులుగా పెట్టాను. మిగతా పదకొండూ మొన కిందికి, అది మొన పైకి. నా గుర్తు అది. పిల్లకి ఏమీ చెప్పలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి పూజ అయిపోయింది. మేడమ్ గారు తెల్లారకముందే వచ్చి, అన్నిటినీ శుభ్రంగా కడిగి, తుడిచి, అరిటాకులో వరసగా పేర్చారు. ఒక్కో బాణం నడుముకి పసుపు ముద్ద చుట్టూ పట్టించి, మీద కుంకుమ బొట్టు పెట్టి, పసుపు దారం కట్టారు. పన్నెండూ మొన ఒకవైపుకే ఉన్నాయి. ఏది నిన్నటిదో ఎవరూ చెప్పలేరు.

“ఈ కుంకుమ కోరుకొండ నుంచి తెచ్చానండీ మాస్టారూ,” అన్నారు ఆవిడ. కళ్ళు మెరుస్తున్నాయి. “నిన్న కొండెక్కి స్వామికి చెప్పుకుని వచ్చాను. మెట్టు మెట్టుకీ పిల్ల పేరే అనుకున్నాను. మోకాళ్ళు చూడండి, ఎలా వాచాయో.”

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆ పసుపు తుడవకపోతే గీత కనపడదు. వంచి వినాలన్నా పసుపు పెచ్చులుగా రాలిపోతుంది, దారం తెగుతుంది. ఒక మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట నేను అనాలి. గుమ్మం దాటని వాణ్ణి, చర్చి పంతులు కొడుకుని, ఆవిడ వాచిన మోకాళ్ళతో తెచ్చిన కుంకుమని తుడిచేయమని చెప్పాలి.  ఆ రోజు ఆయుధాలు ముట్టుకోరు కదా, రేపు చూద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ రేపు విజయదశమి. ఏటా ఆ పొద్దున్న మా గ్రౌండులో మొదటి బాణాలు మూడు వేయడం ఆనవాయితీ. ప్రాక్టీసు ఏమీ ఉండదు, పిల్లలకి పూతరేకులు పంచి పంపించేస్తాం. ఆ ఏడు మొదటి బాణాలు వేసేది ఆ పిల్లే. తెల్లటి డ్రెస్సులో వచ్చింది. మేడమ్ గారు కొత్త చీర కట్టుకుని ఫోన్ పట్టుకుని పక్కన నిలబడ్డారు, వీడియో తీసి అందరికీ పంపాలని.

పిల్ల పొదిలోంచి బాణం తీసింది. అలవాటు కదా, రెండు చివరలూ పట్టుకుంది. పసుపూ దారమూ చూసి ఆగింది. నా వైపు తిరిగింది.

“అడగనా సార్?”

నేను మేడమ్ గారి వైపు చూశాను. ఆవిడ ఫోన్లో చూసుకుంటున్నారు. ఆవిడ వినలేదు కూడా.

“ఈ ఒక్క పూటకి వద్దులే అమ్మా. పసుపు రాలుతుంది,” అన్నాను.

మూడు బాణాలేగా అనుకున్నాను. పన్నెండిట్లో మూడు. అలా లెక్క వేసినవాడు కోచ్ అనిపించుకోడానికి తగడని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు మాత్రం తోచలేదు.

మొదటిది వెళ్ళింది. రెండోది, మూడోది వెళ్ళాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.  పిల్ల విల్లు దించేస్తుంటే మేడమ్ గారు, “ఇంకొక్కటి వెయ్యి తల్లీ, వీడియోలో నా వేలు అడ్డమొచ్చింది” అన్నారు. వద్దనడానికి నా దగ్గర కారణం ఉంది. ఆ కారణం చెబితే ముందు రోజు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఊరుకున్నాను.

నాలుగో బాణం తాడు వదిలిన శబ్దం మామూలుగా లేదు. ఎండు కొమ్మ విరిచినట్టు వినపడింది. టార్గెట్ మీద ఏమీ పడలేదు. పిల్ల అరవలేదు. ఎడమ చెయ్యి ఎత్తి పట్టుకుని దానివంకే చూస్తోంది. బొటనవేలి మొదట్లోంచి నల్లటి ముక్క ఒకటి ఇవతలికి వచ్చి ఉంది. దాని మీద పసుపు ఇంకా అంటుకునే ఉంది.

కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టర్లు గంటలకొద్దీ కూర్చుని వెంట్రుకల్లాంటి చీలికలు ఏరారు. చెయ్యి దక్కింది. బొటనవేలి నరం మాత్రం తెగిపోయిందని, అది మునుపటిలా వంగదని చెప్పారు. సెలక్షన్లు జరిగిన రోజున పిల్ల ఆస్పత్రి మంచం మీదే ఉంది.

కాలేజీలో కమిటీ వేశారు. బాణం నాణ్యత లోపం అని రాశారు. కార్బన్ బాణాలు ప్రమాదకరం కనుక ఇకమీదట అందరికీ అల్యూమినియమే వాడాలని తీర్మానం కూడా చేశారు. స్టాఫ్ రూములో అందరూ నా దగ్గరికొచ్చి, “మీరు మొదట్నుంచీ అల్యూమినియమే అన్నారు కదా మాస్టారూ, మీ మాట వినుంటే బాగుండేది” అన్నారు. నా భుజం కూడా తట్టారు. నేను తల ఊపాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నా మాట అంతగా నెగ్గిన రోజు ఇంకొకటి లేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది.

మేడమ్ గారు తిండి మానేశారు. “నేను ఇంకొక్కటి వెయ్యమనకపోతే ఇలా అయ్యేది కాదండీ. నా వేలు అడ్డమొచ్చిందని పిల్ల వేలు తీశానండీ,” అని కనపడిన ప్రతివాళ్ళ దగ్గరా ఏడిచారు. నా దగ్గర కూడా ఏడిచారు. ఓదార్చాను. నిజం చెప్పి ఓదార్చలేదు.

నాలుగో రోజు తాత కొండ దిగి వచ్చాడు. ఆస్పత్రి వరండాలో నా పక్కన కింద కూర్చున్నాడు. మెడలో తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత, “ఆ నల్లది చెప్పలేదా బాబూ?” అన్నాడు.

నన్ను తిట్టుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. అంత మెల్లగా అడిగేసరికి దాచలేకపోయాను. “చెప్పేదే తాతా. దానికి దెబ్బ తగిలిందని నాకు తెలుసు. పిల్ల అడుగుతానంది కూడా. నేనే అడగనివ్వలేదు,” అన్నాను. గీత సంగతి, తలకిందులుగా పెట్టిన సంగతి, కుంకుమ సంగతి మొత్తం చెప్పాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నాకెందుకు చెబుతావు? చెయ్యి దానిది. దానికి చెప్పు,” అన్నాడు.

లోపలికి వెళ్ళి చెప్పాను. పిల్ల కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని చివరిదాకా వింది. “కాసేపు బయట కూర్చోండి సార్,” అంది. సాయంత్రం దాకా కూర్చున్నాను. పిలవలేదు. మర్నాడు కూడా వెళ్ళి కూర్చున్నాను. డిశ్చార్జి చేశాక తాత తనని ఊరికి తీసుకెళ్ళిపోయాడు.

ప్రిన్సిపాల్ గారికి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఆయన చదివి, “కమిటీ రాసేసింది కదండీ, ఇప్పుడు ఇదెందుకు? మీకే ఇబ్బంది,” అని సొరుగులో పెట్టి మూసేశారు. పెద్ద పశ్చాత్తాపంతో వెళ్ళినవాణ్ణి, ఆ సొరుగు మూసుకోగానే ఒళ్ళు తేలికపడింది. దాన్ని కూడా దాచదలుచుకోలేదు.

ఇక మిగిలింది మేడమ్ గారు. ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి నాకు నెల పట్టింది. స్టోరు రూములో చెప్పాను, ఈసారి గుమ్మం దాటి లోపలికి వెళ్ళి. ఆవిడ స్టూలు మీద కూర్చుని విన్నారు. కోపం వస్తుందనుకున్నాను.

“ఒక్క మాట అంటే నేనే తుడిచేదాన్ని కదండీ,” అన్నారు. “పిల్ల చేతికంటే నాకు బొట్టు ఎక్కువనుకున్నారా?”

“కోరుకొండ కుంకుమ కదండీ. మీరు బాధపడతారని,” అన్నాను.

“పదిహేనేళ్ళు కలిసి పనిచేశాం మాస్టారూ. నన్ను ఇంత పరాయిదాన్ని చేశారా?”

 పదిహేనేళ్ళూ ఆవిడని నొప్పించకూడదని జాగ్రత్తపడ్డాను తప్ప, ఆవిడ ఎలాంటి మనిషో తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడి చూసినవాడికి లోపలి మనిషి ఎలా తెలుస్తుంది? నేను మర్యాద అనుకున్నదానికి ఒక అమ్మాయి బొటనవేలు పోయింది.

రెండేళ్ళ తరవాత ఒక పొద్దున్న ఆ అమ్మాయి గ్రౌండులోకి వచ్చి నిలబడింది. ఒళ్ళు చిక్కింది. ఎడమ బొటనవేలు కర్రలా నిలబడి ఉంది.

“విల్లు పట్టుకోవడానికి బొటనవేలు అక్కర్లేదని మీరే కదా సార్ చెప్పేవారు. పిడికిలి బిగించకూడదు, అరచేత్తో నెట్టి ఉంచాలి అనేవారు. నిజమేనా, ఊరికే అన్నారా?” అంది.

“నిజమే అమ్మా,” అన్నాను. 

నిజమే గానీ పూర్తిగా కాదు. మళ్ళీ వేసింది, బాగానే వేసింది, ఆగిన డిగ్రీ పూర్తిచేస్తూ కాలేజీ తరఫున పోటీలకి కూడా వెళ్ళింది. రాష్ట్ర జట్టు మాత్రం అందలేదు. పోలీసు ఉద్యోగం రాలేదు. క్షమించానని తను ఎప్పుడూ అనలేదు. నేను కూడా అడగలేదు. కోచ్ పరీక్ష రాసింది. నేను రిటైరయ్యాక ఆ గ్రౌండు తనకే అప్పగించారు, కాంట్రాక్టు మీద. వచ్చిన మొదటి నెలలోనే పాత తీర్మానం పక్కన పెట్టించి కార్బన్ బాణాలు మళ్ళీ తెప్పించింది. నేర్చుకునే పిల్లలకి అల్యూమినియం, పోటీకి వెళ్ళేవాళ్ళకి కార్బన్. ఎందుకని అడిగితే, “బాణం తప్పేముంది సార్,” అంది.

కాబట్టి, నాయనా, నీ ప్రశ్నకి జవాబు ఇదే. కొత్తవాడివి గనుక అల్యూమినియం కొనుక్కో. కార్బన్ కొంటే రోజూ అడుగు. నీ పక్కన ఎవరున్నారు, వాళ్ళు ఏమనుకుంటారు, ఆ పూట ఏ పండగ, ఇవేమీ చూడకు. నీ కోచ్ వద్దన్నా సరే అడుగు.

కిందటి దసరాకి ఆ అమ్మాయి నన్ను రమ్మని కబురు చేసింది. విజయదశమి పొద్దున్న బ్రిడ్జి దాటి వెళ్ళాను. మేడమ్ గారు కూడా వచ్చారు. ఆవిడ కూడా రిటైరయ్యారు. మోకాళ్ళ వల్ల కొండెక్కలేక కోరుకొండ కుంకుమ ఎవరితోనో తెప్పించారట. కుర్చీలో కూర్చుని ఉన్నారు. అరిటాకులో కార్బన్ బాణాలు పన్నెండు, పసుపుతో, బొట్లతో, దారాలతో అప్పటిలాగే ఉన్నాయి. కొత్త పిల్లలు వరసలో నిలబడ్డారు.

అమ్మాయి చిన్న గిన్నెలో నీళ్ళూ ఒక తెల్లగుడ్డా తెచ్చి నా ముందు పెట్టింది.

“మీరు తుడవండి సార్.”

నేను మేడమ్ గారి వైపు చూశాను. ఈసారి ఆవిడ నా వైపే చూస్తున్నారు. “తుడవండి మాస్టారూ. నిన్న స్వామి చూసేశాడు లెండి,” అన్నారు.

మొదటి బాణం దారం విప్పాను. పసుపు తడిసి వేళ్ళ సందుల్లోకి దిగింది. శుభ్రంగా తుడిచి, రెండు చివరలూ పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని వంచాను. ఏమీ వినపడలేదు. తిప్పి మళ్ళీ వంచాను. బాణం బాగుందో, నా చెవి పోయిందో అర్థం కాలేదు. పిల్లలందరూ చూస్తున్నారు. ఇదివరకైతే బాగుందనేసి పక్కన పెట్టేవాణ్ణేమో.

“అమ్మా, నాకు వినపడదు,” అన్నాను.

“తెలుసు సార్. ఫోన్లో మీరు అరుస్తారు కదా,” అంది. తన ఎడమచెయ్యి చూపించింది. “నాకేమో వంచే పట్టు లేదు. పిల్లల చేత చేయించుకుంటున్నా. మీరు వంచండి, నేను వింటా.”

నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, నేను పట్టుకున్న బాణానికి చెవి ఆనించింది. నేను వంచాను. తను తల ఊపింది. రెండోది తుడిచాను, వంచాను. మూడోది, నాలుగోది.  ఏడోదాన్ని వంచినప్పుడు తను చెయ్యి ఎత్తింది.

“మళ్ళీ వంచండి.”

వంచాను. నాకేమీ వినపడలేదు. తన మొహమే చూస్తున్నాను.

“పలికింది సార్,” అంది.

బాణాన్ని నా చేతిలోంచి తీసుకుని, పిల్లలందరికీ చూపించి, కాలికింద పెట్టి విరిచేసింది. మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“ఇంకా అయిదున్నాయి సార్. కానివ్వండి.”